స్లాగు కింద సొగసు

వెల్డింగ్ అనగానే మనకు గుర్తొచ్చేవి నిప్పురవ్వలు. సినిమాల్లో అవే, ఫొటోల్లో అవే. పని తెలిసినవాడు మాత్రం రవ్వలు ఎక్కువగా ఎగిరితే మొహం చిట్లిస్తాడు. కరెంటు ఎక్కువైనా, రాడ్డుకూ ఇనుముకూ మధ్య వెలిగే ఆర్కు పొడుగు సాగినా కరిగిన ఇనుము అతుకులో నిలవకుండా చిందిపోతుంది. ఎగిరిన ప్రతి రవ్వా అతుకులో ఉండాల్సిన లోహమే. కాబట్టి ఈ విద్యలోని రసం అందుకోవాలంటే ముందు రవ్వల మీద మోజు వదులుకోవాలి. అసలు సొగసు స్లాగు కింద, అంటే అతుకు మీద గట్టిపడే తెట్టు కింద ఉంటుంది.

రేపల్లె, తెనాలి, బాపట్ల వైపు వెల్డింగ్ పనికి ఎన్నడూ కరువు లేదు. దమ్ము చక్రాలు, ట్రాక్టర్ ట్రక్కులు, రైస్ మిల్లు సామాను, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు, నిజాంపట్నం బోట్లు: ఉప్పుగాలి తగిలే ఈ డెల్టాలో ఇనుము ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తుప్పు పట్టి విరుగుతూనే ఉంటుంది. ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది చదువు. ఎనిమిదో తరగతి పాసైతే చేరొచ్చు. చేతిలో పని ఉంటుందని ఇంట్లోవాళ్లు కుర్రాడిని చేర్పిస్తారు. అందులో చూసి మురిసిపోవాల్సిందేదో ఉందని ఎవరూ చెప్పరు. వేమన పద్యంలోని కమ్మరి విరిగిన ఇనుమును కాచి అతుకుతాడు. అతను కొలిమితో, సుత్తితో సాధించినదాన్ని ఈ కుర్రాడు కరెంటుతో సాధించాలి.

మొదటి పాఠంలో రెండు ముక్కల్ని కలపడం కూడా ఉండదు. మైల్డ్ స్టీల్ ప్లేటు మీద గీత గీసి, పంచితో చుక్కలు కొట్టి, ఆ వరస వెంట తిన్నగా ఒక బీడు, అంటే కరిగిన లోహపు చార, వేయాలి. అంతే. ఆ అంతే అన్నది ఎంత కష్టమో రాడ్డు పట్టుకుంటే తెలుస్తుంది. ప్లేటుకు తాకించగానే రాడ్డు అతుక్కుపోతుంది. భయపడి పైకి లాగితే ఆర్కు ఆరిపోతుంది. ఈ రెండింటి నడుమ, సుమారు రాడ్డు మందమంత ఖాళీలో, ఆర్కు బతుకుతుంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డయితే ఖాళీ కూడా ఇంచుమించు అంతే. పైగా రాడ్డు కరిగి పొట్టిదవుతూ ఉంటుంది కనుక చెయ్యి ముందుకు జరుగుతూనే కిందికీ దిగాలి. ముందుకు జరగడం చూసేవాళ్లకు కనబడుతుంది, దిగడం కనబడదు. పనితనమంతా ఆ కనబడని దిగుడులోనే ఉంది.

షీల్డు దించాక నల్లద్దంలోంచి ఏమీ కనబడదు. ప్లేటు లేదు, టేబుల్ లేదు, పక్కవాడు లేడు. ఆర్కు వెలగగానే బొటనవేలి గోరంత వెలుగులో కరిగిన ఇనుపమడుగు ఒక్కటే ప్రత్యక్షమవుతుంది. ఆ మడుగు మీద రెండు పదార్థాలు కదులుతుంటాయి. ఒకటి లోహం, రెండోది దాని మీద తేలే స్లాగు. కొత్తవాడికి రెండూ ఒకటే వెలుగు. చెయ్యి కుదిరిన కొద్దీ కన్ను వాటిని వేరుచేస్తుంది. ఏది ఇనుము, ఏది తెట్టు అన్నది తెలిసిన రోజున ఆ కుర్రాడు వెల్డరవుతాడు. చెవి కూడా పాఠం నేర్చుకుంటుంది. ఆర్కు సరిగ్గా ఉంటే శబ్దం తెగకుండా ఒకే తీరున చురచురమంటుంది. ఖాళీ పెరిగితే ఫటఫటలాడుతుంది. అద్దం చాటున ఉన్నవాడి తప్పును అనుభవమున్న మాస్టారు అటు తిరిగి నిలబడి కూడా పట్టేస్తారు.

రాడ్డు మీది పూత కూడా తీసిపారేయదగ్గది కాదు. 1904లో ఎసాబ్ కంపెనీ పెట్టిన స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ పేరు తెచ్చుకున్నది ఈ పూత రాడ్డుతోనే. మనవాళ్లు రోజూ వాడే 6013 రాడ్డు పూతలో ప్రధానమైనది రూటైల్. ఆంధ్ర తీరపు ఇసుకలోనూ దొరికే టైటానియం ఖనిజమది. పూత కాలి పొగై గాలిని దూరం పెడుతుంది, కరిగి స్లాగై వేడి ఇనుమును కప్పుతుంది. పూతకు తేమ తగిలితే మాత్రం బీడులో బుడగలు పడతాయి. రేపల్లె గాలిలో తేమకు కొదవ లేదు. రాడ్ల పెట్టె మూత వేయడం ఇక్కడ మర్యాద కాదు, విద్యలో భాగం.

ఇప్పుడు రసఘట్టం. బీడు చల్లారుతుంది. బాగా వేసిన బీడు మీద స్లాగు దానంతటదే టిక్కుటిక్కుమంటూ చిట్లి పైకి లేస్తుంది. చిప్పింగ్ హ్యామరుతో తట్టి, వైరు బ్రష్‌తో రుద్దితే అడుగున కొరమీను పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వాలిన వంపులు బయటపడతాయి. ఒక్కో వంపూ మడుగు ఒక్కో క్షణంలో గడ్డకట్టిన అంచు. వంపు ఉబ్బు ఏ వైపు తిరిగి ఉంటే చెయ్యి అటునుంచి బయల్దేరిందన్నమాట. వరసలు సమానంగా ఉంటే నడక సమానంగా సాగింది. వంపులు కోసుగా సాగితే తొందరపడ్డాడు. బీడు లావెక్కి కుప్పపడితే తటపటాయించాడు. అంచుల్లో ప్లేటు కోసుకుపోయి గాడి పడితే కరెంటు మితిమీరింది. చిట్టచివర చిన్న గుంట మిగిలితే ముగింపు దగ్గర ఓపిక పట్టలేదు. పగులు ముందుగా పుట్టేది తరచూ ఆ గుంటలోనే. రాడ్డు చివర ఒక్క క్షణం నిలిపి గుంట నింపడం చిన్న పనే, కానీ మొత్తం బీడుకు అందం తెచ్చేది అదే.

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. వెల్డింగ్‌లో ఆ మాటకు రుజువు చేతికి తగులుతుంది. నేల మీద పరిచిన ప్లేటుకు పనికొచ్చిన కరెంటు, వేగం నిలువు ప్లేటుకు పనికిరావు. అక్కడ కరిగిన ఇనుము జారిపోతుంది. కిందినుంచి పైకి, చిన్న చిన్న అరలుగా, ఒక అర గట్టిపడ్డాక దాని మీద మరొకటి నిలుపుకుంటూ ఎక్కాలి. తలమీది అతుకుకు ఆర్కు ఇంకా పొట్టిగా, మడుగు ఇంకా చిన్నగా ఉండాలి. అదే గ్యాస్ వెల్డింగయితే రసం వేరు. ఎసిటిలీన్ వెలిగించగానే పసుప్పచ్చని మంట, నల్లటి మసి. ఆక్సిజన్ కొంచెం కొంచెంగా వదులుతుంటే మంట తెల్లబడుతుంది, నడుమ ఈకలాంటి పొర ఏర్పడి కుదించుకుంటుంది. ఆ పొర మంట లోపలి శంకువులో కలిసిపోయిన చోట ఆగాలి. అది సమమైన మంట, వేడి 3,000 డిగ్రీల పైమాటే. ఇంకొంచెం తిప్పితే మంట బుసకొట్టి ఇనుమును కాల్చేస్తుంది.

ఈ అందాన్ని ఊరందరికీ చూపించినవాళ్లు తెనాలిలోనే ఉన్నారు. సూర్య శిల్పశాల శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేస్తారు. సుమారు 75,000 నట్లతో 10 అడుగుల గాంధీని, 2021లో 14 అడుగుల మోదీ విగ్రహాన్ని చేసి దేశం దృష్టిలో పడ్డారు. పోలిక బాగా కుదిరిందని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. నన్ను ఆకట్టుకున్నది పోలిక కాదు. నట్టుకు ఆరు పలకలు, నడుమ రంధ్రం, పైభాగం చదును. చదునైన ముక్కలతో చెంప గుండ్రన, భుజం వాలు రావాలంటే ప్రతి నట్టూ పక్కదానికి కొంచెం వాలి నిలవాలి. ఆ వాలును మోసేది అతుకే. గాంధీ చెంపలోని నునుపు నట్లలో లేదు, నట్టుకూ నట్టుకూ మధ్య చిటికెడు లోహంలో ఉంది. గేట్ల షాపులో గ్రైండరు పెట్టి చెరిపేసే అతుకు ఇక్కడ విగ్రహానికి ఒళ్లయింది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కంటికి నచ్చిన ప్రతి బీడూ బలమైనది కాదు. వరసలు ముచ్చటగా ఉండి, లోపల స్లాగు చిక్కుకున్న అతుకులు ఉంటాయి. అందుకే అతికిన ప్లేటులోంచి పట్టీ కోసి, వంచి చూస్తారు. పగుళ్లు విప్పుకుంటే ఆ అందం అబద్ధం. అందం బలానికి జాడ మాత్రమే, పూచీ కాదు. ఇంత కఠినంగా నిగ్గుతేల్చే పరీక్ష చాలా కళలకు లేదు. ఆ పరీక్షకు నిలిచిన బీడును కళాఖండమనడానికి నేను వెనకాడను.

ఈసారి గేటో, గ్రిల్లో చేయించుకున్నప్పుడు కనబడే చోట ఒక్క అతుకునైనా గ్రైండరు తగలకుండా వదిలేయమనండి. తుప్పు పట్టకుండా రంగు వేయించండి. పలచగా వేస్తే వరసలు కనబడుతూనే ఉంటాయి. అవి తీరుగా ఉన్నాయనిపిస్తే ఆ మాట మనసులో పెట్టుకోకండి, వేసినవాడి మొహం మీదే అనండి.