ఓటీ డబ్బులు, పన్ను భయం

"ఓటీ చేస్తే ఉన్న జీతం కూడా ట్యాక్సుకే పోద్దంట కదండీ?" రాజమండ్రిలో పేపరు మిల్లు మనుషులు, భీమవరంలో రొయ్యల ప్లాంటు మనుషులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ భయంతోనే రాత్రి షిఫ్టు వదులుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఓటీకి రెట్టింపు కూలి 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న హక్కు.

ఇలాంటప్పుడు సెక్షన్లు చెప్పను. వాళ్ల పే స్లిప్పే తీయించి, దాని వెనకే లెక్క వేయిస్తాను. నెలకు 28,000 జీతం, 6,000 ఓటీ అనుకోండి. ఏడాదికి 4,08,000. ఓటీ కూడా జీతంలో భాగమే, దానికి వేరే పన్ను రేటేమీ లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలింది 12 లక్షలు దాటకపోతే జీతం మీద పన్నే లేదు. ఈ మనిషి ఏ బెంగా లేకుండా ఓటీ చేసుకోవచ్చు.

మరి భయమంతా ఉత్తదేనా అంటే, కాదు. ఈ మాట దాచకూడదు. పాతకాపు ఆపరేటరు జీతం ఏడాదికి 12,60,000 అయితే పన్ను సున్నా. దానికి 40,000 ఓటీ కలిస్తే పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12,25,000 అవుతుంది. 12 లక్షలు దాటిన ఆ 25,000 మొత్తం పన్నుగా పోతుంది, పైన సెస్సు మరో 1,000. చేతిలో మిగిలేది 14,000. పన్ను లెక్కకొచ్చే ఆదాయం సుమారు 12,70,000 చేరేదాకా ఇదే వరస, ఆ పైన అదనపు రూపాయికి సెస్సుతో కలిపి పదిహేను పైసల చిల్లరే. ఆ గీత దగ్గరున్న వాళ్లకి డిసెంబరులోనే చెప్పాలి. మార్చి జీతంలో టీడీఎస్ కోసేశాక చెప్పి ఏం లాభం?

ఇప్పుడు ఇంకో గందరగోళం. 2025 జూలైలో అమెరికా ఓటీ మీద పన్ను తీసేసిందని అక్కడి పిల్లలు ఫోన్లో చెబుతున్నారు. తీసేసింది ఓటీ అంతటి మీదా కాదు. అక్కడ ఓటీకిచ్చే ఒకటిన్నర రెట్ల కూలిలో పైన ఇచ్చే ఆ సగానికే మినహాయింపు, అదీ ఒక్కరికి ఏడాదికి 12,500 డాలర్ల వరకే, 2028 దాకానే. సోషల్ సెక్యూరిటీ కోత మామూలే. మన చట్టంలో అలాంటిది లేదు.

జీతాలు వేసే గుమాస్తాలకు నాదొక విన్నపం. స్లిప్పులో ఈ నెల ఓటీ పక్కనే ఏప్రిల్ నుంచి వచ్చిన ఓటీ మొత్తం కూడా వేయండి. ఓటీ మీద పీఎఫ్ జమ కాదన్న సంగతి కూడా ఆ కిందే రాయండి.