ప్రేమ ఒక్కటే ప్రమాణమా? – జోసెఫ్ ఫ్లెచర్ సందర్భ నీతిపై విమర్శ

వ్యాససంగ్రహం:
నియమాల కంటె సందర్భంలో ప్రేమ కోరేదే ముఖ్యమన్న జోసెఫ్ ఫ్లెచర్ సిద్ధాంతాన్ని, ఆయన గ్రంథంలోని రెండు ఉదంతాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ సిద్ధాంతంలోని అసలు లోపం నియమాలను సడలించడం కాదనీ, సందర్భానికి ఎల్లలు గీసింది ఎవరన్న ప్రశ్నను విడిచిపెట్టడమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సందర్భ నీతి, అగాపే, నియమవాదం, పొరుగువాడు, క్రైస్తవ నీతిశాస్త్రం.

1. ప్రవేశిక:
అమెరికన్ ఎపిస్కోపల్ మతాచార్యుడు జోసెఫ్ ఫ్లెచర్ (1905–1991) 1966లో 'సిచువేషన్ ఎథిక్స్: ది న్యూ మొరాలిటీ' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. ఈ ఆలోచన ఆయనతో మొదలైనది కాదు. సందర్భాన్ని బట్టి నీతిని నిర్ణయించే ధోరణిని పోప్ 12వ పయస్ 1952లోనే ఖండించాడు. జాన్ రాబిన్సన్ 'ఆనెస్ట్ టు గాడ్' (1963) దానిని సామాన్య పాఠకుల చర్చలోకి తెచ్చింది. ఫ్లెచర్ దానికి ఒక పద్ధతిని కల్పించాడు.

2. సిద్ధాంత స్వరూపం:
నైతిక నిర్ణయానికి మూడు మార్గాలున్నాయని ఫ్లెచర్ అంటాడు. నియమాన్ని అక్షరాలా పాటించే నియమవాదం ఒక కొస. ఏ నియమాన్నీ అంగీకరించని నియమరాహిత్యం మరొక కొస. సందర్భవాదం వీటి నడుమ నిలుస్తుంది. సందర్భవాది సంప్రదాయ నియమాలను గౌరవిస్తాడు. అవి ప్రేమకు అడ్డువచ్చినప్పుడు పక్కన పెడతాడు. ఇక్కడ ప్రేమ అంటే గ్రీకు కొత్త నిబంధనలోని 'అగాపే': ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా పొరుగువాని మేలు కోరే సంకల్పం. తెలుగు బైబిలు వాడే 'ప్రేమ' అనే మాట అనురాగ వాత్సల్యాలకూ చెల్లుతుంది కనుక ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ వాదానికి సువార్తలలో బలమైన ఆధారమే ఉంది. విశ్రాంతి దినం మనుష్యుని కోసమే ఏర్పడిందన్న యేసు బోధ నియమం కంటె మనిషినే ముందు నిలుపుతుంది. కాబట్టి ఫ్లెచర్‌ను విచ్చలవిడితనానికి ప్రతినిధిగా చూపే విమర్శ న్యాయమైనది కాదు. ప్రేమ సైతం నియమాల రూపం ధరించాలని పాల్ రామ్సే చేసిన వాదం అంతకంటె గట్టిది. అయితే ఫ్లెచర్ ఎన్నుకున్న ఉదంతాలను పరిశీలిస్తే వేరొక లోపం బయటపడుతుంది.

3. బెర్గ్‌మయర్ ఉదంతం:
రెండవ ప్రపంచ యుద్ధం చివరి దశలో శ్రీమతి బెర్గ్‌మయర్ అనే జర్మన్ తల్లి సోవియట్ సైనికులకు చిక్కి ఉక్రెయిన్‌లోని నిర్బంధ శిబిరానికి చేరుతుంది. తీవ్రమైన అనారోగ్యమో గర్భధారణో ఉంటే తప్ప అక్కడి నుంచి విడుదల లేదు. ఆమె ఒక కాపలాదారుని కోరి గర్భవతియై, భర్తనూ పిల్లలనూ చేరుకుంటుంది. పుట్టిన బిడ్డను కుటుంబమంతా ప్రేమతో స్వీకరిస్తుంది. ఆమె చేసినది మంచి పనేనా అన్న ప్రశ్నతో కథ ముగుస్తుంది.

కథనం ఆమె వైపు మన హృదయాన్ని లాగుతుంది, అది సహజమే. కాని విచారణకు నిలబడినది ఆమె ఒక్కతే. స్త్రీ తన శరీరాన్ని వెలగా చెల్లిస్తే గాని బయటపడలేని శిబిర నిబంధన ప్రశ్నకు అందదు. బందీకీ కాపలాదారుకూ నడుమ ఉన్న అధికార భేదం చర్చకు రాదు. వ్యభిచార నిషేధాన్ని నిలదీసిన సిద్ధాంతం శిబిర నిబంధనను మాత్రం వాతావరణం వలె స్వీకరించింది.

4. హిరోషిమా ఉదంతం:
1945లో అణుబాంబు ప్రయోగానికి అధ్యక్షుడు ట్రూమన్ తీసుకున్న నిర్ణయాన్ని ఫ్లెచర్ ప్రేమ చేసిన భారీ లెక్కగా పేర్కొన్నాడు. బెర్గ్‌మయర్ కథలో పొరుగువారికి పేర్లూ ముఖాలూ ఉన్నాయి. ఇక్కడ పొరుగువాడు సంఖ్యగా మారాడు. వ్యక్తియే పరమ విలువ అన్న సూత్రాన్ని ఫ్లెచర్ స్వయంగా తన పద్ధతికి పునాదిగా ప్రకటించాడు. నగరవాసులు తూకంలో అంకెలైన చోట ఆ సూత్రం ఎలా నిలుస్తుంది? ప్రేమ ఎప్పుడు వ్యక్తిని చూడాలో, ఎప్పుడు లెక్క వేయాలో చెప్పే ప్రమాణం గ్రంథంలో లభించదు. అది కథ చెప్పేవాని ఎన్నికకే మిగిలిపోయింది.

5. మిగిలిపోయే వ్యథ:
ప్రేమతో ఆడిన అబద్ధం క్షమించదగిన తప్పు కాదు, మంచే అని ఫ్లెచర్ వాదిస్తాడు. మన సంప్రదాయంలోని ఆపద్ధర్మ భావన ఇందుకు భిన్నం. అక్కడ మినహాయింపు మినహాయింపుగానే ఉంటుంది. ఆపద తీరగానే ధర్మం తిరిగి తన స్థానానికి వస్తుంది. ఫ్లెచర్ పద్ధతిలో నిర్ణయం జరిగిన తరువాత పశ్చాత్తాపానికి చోటు లేదు. బెర్గ్‌మయర్ విషయంలో ఇది ఊరట కావచ్చు. హిరోషిమా విషయంలో అదే భయంకరం.

6. ఉపసంహారం:
మంచి సమరయుని ఉపమానంలో పొరుగువాడెవరన్న ప్రశ్నకు జవాబు దారిపక్కన గాయపడి పడి ఉన్నవాని వైపు నుంచి వస్తుంది. ఫ్లెచర్ ఉదంతాలు మాత్రం నిర్ణయించేవాని వైపు నుంచే సాగుతాయి. నియమవాదపు కాఠిన్యాన్ని ఎత్తిచూపడం ఆయన సాధించిన మేలు. కాని సందర్భాన్ని సృష్టించిన అధికారాన్ని ప్రశ్నించని ప్రేమ, ఆ అధికారం మిగిల్చిన దారులలో ఒకదానిని ఎన్నుకోవడంతోనే ఆగిపోతుంది. ఈ సందర్భం ఎవరు కల్పించినది, ఇందులో ఎవరి గొంతు వినబడలేదు అనే రెండు ప్రశ్నలు నిర్ణయానికి ముందే అడిగినప్పుడే సందర్భ నీతి తాను చెప్పుకున్న ప్రేమకు న్యాయం చేయగలదు.