సాక్ష్యం చెప్పే వేళ

సంగారెడ్డి జిల్లా ఫ్యాక్టరీల బెల్టులో, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వైపు, ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకు పెట్టుకోవాలన్నది కంపెనీ షిఫ్టును బట్టి ఉంటుంది. నైట్ షిఫ్టు దిగినవాళ్ళు పొద్దున్నే వచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే నాలుగు పాటలు పాడి, ఇంటికెళ్ళి పడుకుంటారు. మిగతావాళ్ళకు పది గంటల ఆరాధన. వారంలో ఒక రోజు ఉపవాస ప్రార్థన, సాయంత్రాలు వంతులవారీగా ఇళ్ళల్లో కూడికలు. కింద కిరాణా కొట్టు, పైన రేకుల హాలు, చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు, ఒక డోలకు, గదికి మించిన సౌండు బాక్సు. వీధిలో పోయేవాళ్ళకు వినబడేది పాట, ప్రసంగం. ఆ రెండింటి మధ్య పది పదిహేను నిమిషాలు సాక్ష్యాలు చెప్పుకుంటారు. బయటివాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు, లోపలివాళ్ళకు అలవాటైపోయి దాని పనితనం కనబడదు. గాయపడిన మనసుకు ఈ హాళ్ళలో దొరికే వైద్యంలో నా మటుకు సగం పైగా అక్కడే ఉంది.

"సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరమ్మగారు అడుగుతారు. కాసేపు ఎవరూ లేవరు. తర్వాత ఒక అక్క కొంగు తల మీదికి లాక్కుని లేస్తుంది. మైకు పుచ్చుకుని, "అయ్యగారికి, అమ్మగారికి, సంఘానికి వందనాలు" అంటుంది. హాలంతా "వందనాలు" అని తిరిగి చెబుతుంది. కథ ఇంకా మొదలే కాలేదు, జవాబు మాత్రం వచ్చేసింది. ప్యాకింగ్ సెక్షన్లో రోజంతా నిలబడి, సూపర్‌వైజర్ నోట పేరు కూడా సరిగ్గా పిలిపించుకోని మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత చెప్పేదానికి ఒక వరస ఉంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, వినగా వినగా పట్టుబడుతుంది. ముందు వెనకటి బతుకు. పిదప అది విరిగిన రోజు: మొగుడి చావు, బిడ్డ జబ్బు, అప్పిచ్చినవాడు గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న పగలు. అప్పుడు తలుపు తట్టిన మనిషి, చాలాసార్లు పక్క పోర్షన్‌లో ఉండే ఒక సిస్టరు, ప్రార్థనకు రమ్మని పిలవడం. ఆ పైన ఇప్పటి సంగతి. చివర్లో మనవి: "చిన్నోడు తాగుడు ఇంకా ఇడ్వలే, వాని కోసం ప్రార్థన చెయ్యుండ్రి." ఈ చివరి మాటను బయటివాళ్ళు అస్సలు గమనించరు. సాక్ష్యమంటే గెలిచిన కథ అనుకుంటారు. మామూలు సాక్ష్యం మాత్రం సగంలో ఉన్న కథే, మిగిలిన సగాన్ని పదిమంది మీద పెట్టి కూర్చుంటుంది.

మధ్యలో గొంతు పూడుకుపోతుంది. ఇక్కడ సంఘం ఏం చేస్తుందో చూడాలి. ముందు వరసలో ఎవరో "స్తోత్రం" అని లోగొంతుకతో అంటారు. "ఏం గాదక్కా, నిమ్మళంగ చెప్పు" అంటుంది ఇంకో ఆమె. అప్పటికీ మాట రాకపోతే ఎవరో ఒక పల్లవి ఎత్తుకుంటారు, డోలకు మెల్లిగా అందుకుంటుంది. రెండు మూడు సార్లు ఆ పల్లవి తిరిగేసరికి అక్క ముక్కు తుడుచుకుని వదిలిన చోటి నుంచి మొదలుపెడుతుంది. ఏడ్చే మనిషిని ఆపలేదు, ఒంటరిగా వదిలెయ్యలేదు, బుజ్జగించడానికి మైకు లాక్కోలేదు. మనస్తత్వ శాస్త్రంలో పట్టాలున్నవాళ్ళకు కూడా ఈ మూడూ ఒక్కసారి కుదరడం కష్టం.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కొందరు కాలేజీ విద్యార్థుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన అనుభవం గురించి రాయమన్నాడు. రాసిన వెంటనే వాళ్ళ దిగులు పెరిగింది. కాని తర్వాతి నెలల్లో వాళ్ళు ఆసుపత్రి మెట్లెక్కడం తగ్గింది. జరిగినదాన్నీ, అప్పుడు పడిన బాధనూ కలిపి రాసినవాళ్ళలోనే ఈ మేలు కనబడింది. సాక్ష్యం చెప్పే అక్క ఆ రెండూ కలిపే చెబుతుంది. కాకపోతే ఆమె చేతిలో కాగితం లేదు, ఎదురుగా మనుషులున్నారు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందంటే బైబిలు నుంచే. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. దేవుణ్ణి నిలదీసేవి, ఎన్నాళ్ళని అడిగేవి. వాటిలో చాలా మటుకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. అది చీకటిలోనే ఆగిపోతుంది. ఆ కీర్తనను సంకలనంలోంచి ఎవరూ తీసెయ్యలేదన్నది నాకు గొప్పగా తోస్తుంది. విలాపవాక్యములలో ఇంకో పనితనం ఉంది. యెరూషలేము కూలిపోయిన దుఃఖం మీద ఐదు అధ్యాయాలు, అందులో మొదటి నాలుగూ హీబ్రూ అక్షరమాల వరసలో కట్టినవి. 22 అక్షరాలు, మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. అంతులేదనిపించే ఏడుపుకు అక్షరమాల ఒక గట్టు కట్టింది. ఏడవడానికి ఒక వరస దొరికితే మనిషి కొట్టుకుపోడు.

తెలుగువాళ్ళు ఆ మొరను రాగతాళాలలోకి తెచ్చుకున్నారు. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) తరం నుంచి పోగుపడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. పశ్చాత్తాపం, మొర చెప్పే కీర్తనలను పాతకాలపు పెద్దలు ఎంత నిదానంగా పాడతారంటే, కీబోర్డుకు అలవాటుపడిన కుర్రాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, ఆ నిదానమే అక్కడ మందు.

ఇదే నేల మీద, ఒకరి బాధను పదిమంది వినే ఈ అలవాటుకు నూరేళ్ళ వెనకటి పునాది ఉంది. 2016 దాకా సంగారెడ్డి మెదక్ జిల్లాకే కేంద్రం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మెదక్‌లో గుడి కట్టించాడు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందులోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు. ఎత్తు నుంచి దోసిట్లోకి నీళ్ళు పోయించుకున్న తరం అది. ఆ తరం మనిషి ప్రభు బల్ల దగ్గర మోకరించి, అందరూ తాగిన గిన్నెలోనే తాగాడు. వాళ్ళ గాయం ఒంటరిది కాదు, వాడంతటికీ ఒకటే. మందు కూడా అలాంటిదే దొరికింది. అలాగని గుడిలోకి రాగానే కులం గుమ్మం బయట ఆగిందని ఎవరైనా అంటే నమ్మకండి. సంఘం ఎన్నికలు ఒకసారి చూస్తే చాలు.

పి.వై. లూక్, జాన్ కార్మన్ ఈ మెదక్ అధ్యక్ష మండలం పల్లెల్లో తిరిగి 1968లో ఒక పుస్తకం తెచ్చారు. పల్లె క్రైస్తవుల బతుకును అంత దగ్గరగా చూసిన రచనలు తక్కువ. ఆ మొదటి పరిశీలన జరిగిన యాభై ఏళ్ళకు అవే పల్లెల్ని మళ్ళీ చూసి కార్మన్, చిలుకూరి వసంతరావు ఇంకొకటి రాశారు. స్వస్థత కోసం ప్రార్థనకు వచ్చి నిలిచిపోయినవాళ్ళు, బాప్తిస్మం తీసుకోకుండానే విశ్వాసులుగా ఉండేవాళ్ళు ఇక్కడ ఎందరో. దీనికి ఒక చట్టపరమైన ముడి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, ఇక్కడ బీసీ-సీ అవుతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. అందుకని హాల్లో మైకు పట్టుకుని గుండె విప్పి చెప్పుకున్న మనిషే ఎమ్మార్వో ఆఫీసులో నోరు మూసుకుని నిలబడతాడు. బాధను దాచుకోకుండా చెప్పుకోమనే సంప్రదాయంలో బతుకుతూ, ఎవరన్నదే దాచుకోవాల్సి రావడం కొత్త గాయం.

గతాన్ని తవ్వడంలో సువార్తల్లోని పనితనం పేతురు కథలో చూడాలి. యోహాను 18వ అధ్యాయంలో ప్రధాన యాజకుడి ముంగిట బొగ్గుల మంట మండుతున్న చోట పేతురు మూడుసార్లు, నేనాయన శిష్యుణ్ణి కానన్నాడు. 21వ అధ్యాయంలో సముద్రపు ఒడ్డున మళ్ళీ బొగ్గుల మంటే, దాని మీద చేపలు. యేసు మందలించలేదు, జరిగిందేదో జరిగింది మర్చిపో అని కూడా అనలేదు. ముందు తిండి పెట్టాడు. తర్వాత, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు, అదీ మూడుసార్లు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. నొచ్చుకోక తప్పదు, గాయం ఉన్న చోటికే వేలు వెళ్ళింది. ప్రతి జవాబు తర్వాత ఒక పని అప్పజెప్పడం దీనిలో కీలకం. మంచి సంఘంలో ఇది ఇప్పటికీ నడుస్తుంది. తాగుడు మానిన అన్నకు ముందు చాపలు పరిచే పని ఇస్తారు, ఆ తర్వాత కానుకల లెక్క. డబ్బు దగ్గర నమ్మకం పోగొట్టుకున్నవాడి చేతిలో డబ్బే పెట్టడం సాహసమే.

ఇక ఈ బెల్టులోని గతాలు. నక్కవాగు పక్కన పంటపొలం రసాయనాల పాలైన రైతు, రియాక్టర్ దగ్గర చెయ్యి కాలిన ఆపరేటర్, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ఉండే కుర్రాళ్ళు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. శవం చూడని చావును మనసు ఒప్పుకోదు. అలాంటి ఇంటికి వెళ్ళి "అంతా దేవుని చిత్తం" అనే మాట ప్రార్థనాపరులు తొందరపడి అనకూడదు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. అంతవరకు వాళ్ళు మంచి స్నేహితులే. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే పాడుచేశారు. పైగా మొరలో న్యాయం అడగడం కూడా భాగమే. ప్రమాదం ఎందుకు జరిగిందని, పరిహారం ఏదని అడిగే విధవరాలిని విశ్వాసం తక్కువైనదానిగా చూసే సంఘం కీర్తనల గ్రంథాన్ని సరిగా చదవనట్టే.

తొందరే ఈ సంప్రదాయానికి పట్టిన చీడ. స్వస్థత సభల వాల్ పోస్టర్లు చూసి చూసి, సాక్ష్యమంటే ఫలితం చూపించే ప్రకటన అనే అభిప్రాయం పాకింది. ఇంకా మానని మనిషిని "విడుదల వచ్చిందని ఒప్పుకో" అని తొందరపెడతారు. క్షమాపణలో అయితే ఇది ప్రమాదం దాకా పోతుంది. కొట్టిన మొగుణ్ణి క్షమించి ఆదివారానికల్లా ఇంటికి వెళ్ళిపొమ్మనే సలహా నేను చెవులారా విన్నాను. యోసేపు అన్నల్ని ఎలా క్షమించాడో చదవాలి. గుర్తుపట్టాడు కాని చెప్పలేదు, పరీక్షించాడు, చాటుకు వెళ్ళి ఏడ్చాడు. ఆదికాండంలో 42 నుంచి 44 దాకా అధ్యాయాలు గడిచాక, 45లోనే బయటపడ్డాడు. క్షమించడానికీ, మళ్ళీ చేతికి చిక్కడానికీ తేడా తెలిసిన మనిషి అతను.

పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల చేత బలవంతంగా అంతా చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి కూడా హెచ్చరిస్తుంది. పక్కన ఉండు, అవసరం కనుక్కో, చెబితే విను, ఒత్తిడి పెట్టకు అంటుంది. మంచి కూడికలో "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి ఆగడం ఇందుకే సరైన పద్ధతి. పేరు పెట్టి లేపకూడదు.

మందును పక్కన పెట్టమనే బోధ కూడా ఇక్కడ కొందరు చేస్తారు. ఈ ప్రాంతపు మిషన్ చరిత్రే దాన్ని ఒప్పుకోదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని నిలబెట్టిన ఇసబెల్ కెర్ వైద్యురాలు. ఆమెకు ప్రార్థన, ఇంజెక్షన్ సూది ఒకే పనిముట్ల పెట్టెలోవి. నెలల తరబడి నిద్రపట్టని మనిషిని, చచ్చిపోవాలనుందని సాక్ష్యంలో పైకి అన్న మనిషిని ప్రార్థన చేసి ఊరికే పంపెయ్యకూడదు. ఆ సాయంత్రమే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించాలి, అవసరమైతే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తోడు వెళ్ళాలి. తోడు వెళ్ళడానికి షిఫ్టు మార్చుకునే తమ్ముడు సంఘంలో ఎవడో ఒకడు ఉంటాడు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం మన సంఘాల్లో పెద్ద ఆనవాయితీ. ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు. నాలుగోది, నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్ణి అడిగిన మాట, 22వ కీర్తన నుంచి వచ్చినది. దాన్ని మామూలుగా బాగా మాట్లాడే వక్తకు ఇస్తారు. అతను పది నిమిషాల్లో దానికి వేదాంతపరమైన జవాబు చెప్పేసి దిగిపోతాడు. పాశమైలారం వైపు సంఘాల పెద్దలకు నాదొక మనవి. ఈసారి ఆ మాటను, ఒప్పుకుంటేనే సుమా, ఇంకా తేరుకోని మనిషికి ఇచ్చి చూడండి. జవాబు చెప్పమనకండి, తన ప్రశ్న చెప్పి కూర్చోమనండి. ప్రసంగంగా కుదరకపోయినా ఫర్వాలేదు. ఐదో మాటకు ఎలాగూ ఇంకొకరు లేస్తారు.