కార్యాలయ భవనము – అందుబాటు, సుఖము, మితవ్యయము

ఒక భవనమును విమర్శించుట యనగా దాని ముఖద్వారపు అందమును మెచ్చుకొనుటయో, నిందించుటయో కాదు. అందులోనికి ఎవరు ప్రవేశింపగలరు? ప్రవేశించినవారు వేసవి మధ్యాహ్నమున అక్కడ కూర్చుండగలరా? దానిని కట్టుటకును, నడుపుటకును ప్రజాధనమెంత వ్యయమగును? ఈ మూడు ప్రశ్నలకు లభించు సమాధానములే ఆ విమర్శకు పునాది.

హైదరాబాదునకు పడమట రంగారెడ్డి జిల్లాలోనున్న చేవెళ్ళ, మొయినాబాదు మండలములు నేడు శీఘ్రముగా మారుచున్నవి. నగరము అటువైపు వ్యాపించుచున్నది; కార్యాలయములకు పని పెరుగుచున్నది. 2020 నవంబరు నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయములలోనే జరుగుచున్నది. భూమి అమ్మిన వృద్ధుడైనను, కొన్న వితంతువైనను, ఊతకర్రతో నడచువాడైనను స్వయముగా అచ్చటికి రావలసినదే. అట్టివానిని పది మెట్ల క్రింద నిలబెట్టు భవనము, ఎంత దృఢముగా కట్టబడినను, తన పనిని నెరవేర్చనట్లే.

మంచి కార్యాలయమునకు ఉదాహరణముగా సాధారణముగా చూపబడునది హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఐ.ఐ.–సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనమును 2004 జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిరి. అమెరికా వెలుపల ‘లీడ్’ ప్లాటినం శ్రేణి పొందిన మొదటి భవనమిదే. నడుమ వృత్తాకారపు ముంగిలి, దాని చుట్టు గదులు, లోనికి వచ్చు గాలిని ముందుగానే చల్లబరచు గాలిగోపురములు, కప్పుపై పచ్చిక, వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుద్ధిచేయు ఏర్పాటు – ఇవన్నియు మెచ్చదగినవి. మండువా లోగిలి ఎరిగిన తెలుగువారికి నడిమి ముంగిలి క్రొత్త వింత కాదు.

అయినను ఈ మాదిరిని రెండు విషయములలో విమర్శింపవలసియున్నది. మొదటిది వ్యయము. ఈ కట్టడమునకు సాధారణ నిర్మాణముకంటె సుమారు 18 శాతము అదనముగా ఖర్చయినదనియు, అది ఏడేండ్లలో తిరిగి వచ్చుననియు నిర్వాహకుల లెక్క. పెద్ద సంస్థ ఏడేండ్లు వేచియుండగలదు; మండల కార్యాలయమునకు మంజూరగు నిధులలో ఆ అవకాశము అరుదు. రెండవది కొలబద్ద. నాటి ‘లీడ్’ పద్ధతిలో మొత్తము 69 అంకములు. ఈ భవనము 56 సంపాదించినది. స్థలము, నీరు, శక్తి, సామగ్రి, లోపలి గాలి, నూతన కల్పన అనునవి ఆ అంకముల విభాగములు. చక్రాల కుర్చీ లోనికి పోవునా యను ప్రశ్నకు వానిలో ప్రత్యేక స్థానము లేదు. అమెరికాలో ఆ పనిని 1990 నాటి వేరొక చట్టము చూచుకొనుచున్నది. కొలబద్ద మాత్రమే దిగుమతియై, ఆ చట్టబలము వెంట రానిచో, భవనము ‘హరిత’మై యుండియు అందరికి అందకపోవచ్చును.

మనకు చట్టము లేదని కాదు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. నియమములు 2017 జూన్‌లో వెలువడినవి. అప్పటినుండి ఐదేండ్లలో పాత ప్రజాభవనములన్నియు అందుబాటులోనికి రావలెనని చట్టము గడువు విధించినది. ఆ గడువు 2022లోనే ముగిసినది. చట్టము తప్పనిసరి అన్నదానిని 15వ నియమము కేవలము సూచనగా మార్చినదని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, దానిని కొట్టివేసినది. ఆ తీర్పునకు తోడ్పడిన నివేదికను సిద్ధపరచినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు కేంద్రమే.

అందుబాటునకు వ్యయమెక్కువ యను వాదము గణితము ముందు నిలువదు. వాలుదారికి 1:12 వాలు ప్రమాణము. పునాది పీఠము 75 సెంటీమీటర్లున్నచో 9 మీటర్ల వాలుదారి కావలెను. 45 సెంటీమీటర్లకు తగ్గించినచో 5.4 మీటర్లు చాలును. వాననీరు నిలువని ఎత్తైన స్థలమును ముందే ఎన్నుకొనినచో పీఠమును తగ్గించుట సాధ్యమే. ప్రజలు వచ్చు గదులు 3.6 మీటర్ల ఎత్తున మేడమీదనున్నచో, నడిమి విరామస్థలములు గాక, వాలుదారియే 43.2 మీటర్లగును. కావున రిజిస్ట్రేషను గది క్రిందనుండవలెను. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుండుట గీతపటములో ఖర్చులేని పని. కట్టిన తరువాత గోడ పగులగొట్టుట ఖర్చుతో కూడిన పని. చేవెళ్ళకు ఆవల దొరకు తాండూరు బండ చౌకయైన నేలరాయి. కాని నునుపు చేసిన బండ తడిసినప్పుడు జారును. వాలుదారిపై గరుకు ముఖమునే పరచవలెను.

సుఖము మాట. చేవెళ్ళ ఇంచుమించు 17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. వేసవిలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండుటచే ఎండ ముఖ్యముగా కప్పుపై పడును. ఉదయ సాయంకాలములందు తూర్పు, పడమటి గోడలపై పడును. అందుచే భవనము తూర్పు పడమరలుగా పొడవై, కిటికీలు ఉత్తర దక్షిణములకు ఉండవలెను. దక్షిణపు కిటికీపై 60 సెంటీమీటర్ల చూరు విషువద్దినముల మధ్యాహ్నమున 1.9 మీటర్ల వరకు నీడనిచ్చును. పడమటి గోడకంతయు అద్దములు బిగించి, పిదప ఆ వేడిని శీతలయంత్రములతో తోడిపోయుట విజ్ఞానము కాదు. కప్పునకు తెల్లని పూత ఇందుకన్న ఎంతో చౌక. 2023లో ప్రకటింపబడిన తెలంగాణ శీతల కప్పుల విధానము ప్రభుత్వ భవనములకు దీనిని తప్పనిసరి చేసినది.

ఎంత చల్లదనము కావలెను? హైదరాబాదులోని అపార్టుమెంట్లలో మాధవీ ఇంద్రగంటి 2008లో జరిపిన పరిశీలనలో నివాసులు 26 నుండి 32.45 డిగ్రీల సెంటీగ్రేడు వరకు సుఖముగానే భావించిరి. నాటి జాతీయ నిర్మాణ సంహిత వేసవికి సూచించినది 23 నుండి 26 డిగ్రీలు. భారతీయ నమూనా ప్రకారము గాలి స్వేచ్ఛగా వీచు కార్యాలయమునకు తగు ఉష్ణోగ్రతను ఇట్లు గణింపవచ్చును: ఇటీవలి దినముల బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలుపవలెను. సగటు 30 డిగ్రీలైనచో 29 డిగ్రీలు వచ్చును. అనగా సంవత్సరములో చాలదినములు నీడ, గాలి, పంకా చాలును. 75 వాట్ల పంకాలు 20 తీసి 30 వాట్లవి పెట్టినచో, దినమునకు 8 గంటల వాడుకపై 7.2 యూనిట్లు మిగులును.

మొయినాబాదునకు మరొక బాధ్యత కలదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు 84 గ్రామములలో నిర్మాణములను నియంత్రించినది. 2022లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినది. ఉత్తర్వు సడలినను నీరు పల్లమునకే పారును. ప్రతి కార్యాలయము తన మురుగును శుద్ధిచేసికొని, వాననీటిని భూమిలోనికి ఇంకించుట అవసరము.

ఉపాధ్యాయులు ఈ విమర్శను విద్యార్థులచే చేయింపవచ్చును. టేపు, ఒక నీటిగొట్టపు మట్టము తీసికొని తమ పాఠశాల వాలుదారి పొడవును ఎత్తుతో భాగించిన చాలును. ఫలితము 12కు తక్కువైనచో అది వాలుదారి పేరుతోనున్న అడ్డంకియే. ఆ లెక్కను కాగితముపై వ్రాసి ప్రధానోపాధ్యాయులకును, గ్రామపంచాయతీకిని అందజేయుట పౌరశాస్త్రములోను ఒక పాఠమగును.