బుద్ధిమంతురాలైన గోదావరి

మా కొత్తచెరువు వాళ్లకి ఏరంటే చిత్రావతి. నా చిన్నతనంలో చిత్రావతి అంటే ఇసుక. ఎప్పుడైనా నీళ్లొచ్చాయంటే పిల్లాజెల్లాతో చూడ్డానికి పోయేవాళ్లం. అలాంటి ఊరిదాన్ని కాబట్టి, తెరమీద నిండు గోదావరి కనబడితే కథ ఎలా ఉన్నా కుర్చీలోంచి లేవను. ఆ బలహీనత ముందే ఒప్పేసుకుంటున్నాను.

మొన్న బాపుగారి ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) వరసగా మళ్లీ చూశాను. రెండింటిలోనూ పడవ భద్రాచలం వెళుతుంది. మొదటిదాంట్లో ముళ్లపూడి వెంకటరమణగారు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే పడవలో కూర్చోబెట్టారు. అల్లు రామలింగయ్యగారి తీసేసిన తాసీల్దారుకి ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోదాంట్లో సీత పెళ్లిచూపుల గొడవలకి విసిగి, తనకి తానే ప్రయాణం పెట్టుకుని బయలుదేరుతుంది. ఆ స్వతంత్రం చూసి మనలో ఎందరికి ముచ్చటేసిందో వేరే చెప్పాలా?

అయితే ఈసారి ఒక సంగతి గుచ్చుకుంది. రెండు సినిమాల్లోనూ గోదావరి ఎంత బుద్ధిమంతురాలో! పాట కావాలంటే మెరుస్తుంది, ప్రేమ కావాలంటే వెన్నెల పరుస్తుంది. పేరంటంలో పట్టుచీర కట్టి మూల కూర్చోబెట్టిన కొత్తకోడల్లా, తనంతట తాను ఒక్క మాట అనదు.

1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తీసిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ చూడండి. నార్మన్ మెక్లీన్ డెబ్భై దాటాక, 1976లో అచ్చువేసిన కథ అది. అమెరికాలో మోంటానా కొండలు, బ్లాక్‌ఫుట్ నది. చర్చి పాస్టరైన తండ్రి ఇద్దరు కొడుకులకీ ట్రౌట్ చేపకి గాలం విసరడం నేర్పుతాడు. ఊరికే కాదు, నాలుగు లెక్కల తాళం పెట్టి, పాటమాస్టారు సరళీ వరసలు చెప్పించినట్టు! కుర్రతనంలో ఆ అన్నదమ్ములు ఎవరిదో పడవ తీసుకుని నురగలు కక్కే నీళ్లలోకి దిగి, చావుతప్పి బయటపడతారు. అక్కడ నదిని ప్రేమించడమంటే ముందు దాన్ని తెలుసుకోవడం. ఆడవాళ్లు మాత్రం ఇంటిపట్టునే ఉంటారు. ఆ తగాదా ఇంకోసారి పెట్టుకుందాం.

ఇంతకీ ఇదంతా ఎందుకంటే, 2018 వేసవిలో మేమూ పాపికొండలకి వెళ్లాం. బోటెక్కగానే లైఫ్ జాకెట్లిచ్చారు. మా తోడికోడలు తనది మడిచి, నిద్రపోతున్న పిల్లాడి తలకింద పెట్టింది.

“వేసుకో అక్కా” అన్నాను.

“సినిమాలో సీత వేసుకుందా?” అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. కాసేపటికి నాదీ తీసేశాను, ఫొటోలో చీర అంచు కనపడ్డం లేదని!

2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ మునిగింది. వరద గోదావరి, కొండల నడుమ ఇరుకైన దారి, లోతు, సుడి. టీవీ ముందు నేనూ తోడికోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. బతికి బయటపడ్డవాళ్లలో చాలామందిని కాపాడింది జాకెట్లూ, చిన్న చిన్న పడవలేసుకుని పరుగెత్తుకొచ్చిన కచ్చులూరు గిరిజనులూ. ఏ సుడి ఎక్కడ తిరుగుతుందో వాళ్లకి తెలుసు.

మన రెండు సినిమాల్లోనూ ఆ ఒడ్డు మనుషులకి గుర్తుండే పాత్ర ఒక్కటీ లేదు. నా ఫిర్యాదు అంతే. అందం చూపించినందుకు కాదు, అందం ఒక్కటే చూపించినందుకు. మళ్లీ ఎవరైనా గోదావరి మీద సినిమా తీస్తే, ఆ నీళ్లు తెలిసిన మనిషిని ఒక్కణ్ణి పడవలో ఎక్కించండి బాబూ. పాటలు ఎన్నయినా పెట్టుకోండి, కుర్చీలోంచి లేవను.