మూగచిత్రములో వధువు సమ్మతి

మూగచిత్రములను విమర్శించునపుడు, మాటలు లేవు గదా యని వాని లోపములను మన్నించుట పరిపాటి. ఇది మాకు సమ్మతము గాదు. మాటలు లేకున్నను నడుమ నడుమ వ్రాఁతపలకలు గలవు, నటుల ముఖములు గలవు. ఎవరి మనస్సును జూపవలెనో, ఎవరి మనస్సును విడువవలెనో నిర్ణయించునది యంత్రము గాదు, కథకుఁడు.

1929లో వెలువడిన ‘ప్రపంచ పాశ్’ అను ప్రేమకథాచిత్రమును జూచిన పిమ్మట నీ మాట వ్రాయుచున్నాము. దర్శకుఁడు జర్మను దేశీయుఁడగు ఫ్రాంజ్ ఆస్టెన్. కథ నిరంజన్ పాల్‌ది. నిర్మాతయగు హిమాంశు రాయ్ ప్రతినాయకుఁడు సోహటుఁడుగాను, చారు రాయ్ రంజితుఁడుగాను, సీతాదేవి సునీతగాను నటించిరి. రాజస్థానపుఁ గోటలు, 10,000 మంది జనము, 1,000 గుఱ్ఱములు, ఏనుఁగులు: కన్నులపండువే. 2007లో లండనున నితిన్ సాహ్నీ కూర్చిన నూతన సంగీతముతో నిది మరలఁ బ్రదర్శింపఁబడెను. 1921లో మదరాసున రఘుపతి వెంకయ్యగారును, ఆయన కుమారుఁడు ప్రకాశ్‌గారును సిద్ధపఱచిన ‘భీష్మప్రతిజ్ఞ’కు ఇట్టి భాగ్యము లేదు, దాని ప్రతి మిగులలేదు.

కథ భారతచ్ఛాయలోనిదే. ఇరువురు రాజులును జూదరులు. ఇరువురును కణ్వుని కూఁతురగు సునీతను గోరుదురు. జూదరికిఁ బిల్లనిచ్చుట తండ్రికి గిట్టదు. అయినను ఆమె రంజితునే వరించును. బాలికల వివాహమునకుఁ గనీసము 14 ఏండ్లుండవలెనని శారదా చట్టము పుట్టిన సంవత్సరమే యిది. అట్టి కాలమున యుక్తవయస్కురాలగు కన్య తానై భర్తను ఎన్నుకొనుటను తెరపైఁ జూపుట సామాన్యము గాదు. ఈ భాగమును మేము మనసారఁ బొగడుచున్నాము.

కాని పెండ్లిముంగిట రంజితుఁడు పాచికలాడి రాజ్యమును, స్వాతంత్ర్యమును, తుదకుఁ బెండ్లికూఁతురును గోలుపోవును. అవి కపటపాచికలని తేలఁగనే కథ మలుపు తిరుగును, సోహటుఁడు నశించును, ప్రేమికు లొకటగుదురు. ఇచ్చటనే మా యాక్షేపణ. పాచికలు నిజమైనవే యైనచో సునీత గతి యేమి? న్యాయముగా నోడినచో ఆమెను అప్పగింపవలసినదేనా?

కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల చదువరులకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఇచ్చటి పల్లెలలో భారత ఉత్సవములు జరుగునపుడు పగలు హరికథయు, రాత్రి వీథినాటకమును నడచును. కడపట మట్టితోఁ జేసిన దుర్యోధనుని పడఁగొట్టుదురు. ముందుగాఁ దానే దాసుఁడైన మగనికి భార్యను పణముగా నొడ్డు నధికార మెక్కడిదని ద్రౌపది సభ నడుగుటను అక్షరము రాని యవ్వయు నెఱుఁగును. భీష్మునంతటివాఁడును ధర్మము సూక్ష్మమని తడఁబడిన ప్రశ్న యది. శకుని పాచికలను నిందించి ద్రౌపది యూరకుండలేదు. జర్మనీవఱకు సాయము గోరి, వేయి గుఱ్ఱములను గూర్చిన నిర్మాతలు, భారతమునుండి జూదమును దెచ్చుకొని ఆ ప్రశ్నను మాత్రము సభలోనే విడిచివచ్చిరి! సునీత దుఃఖము తెరపైఁ గలదు. ఆమె హక్కు కథను నడుపదు. ఆ ప్రశ్నకు ఒక్క వ్రాఁతపలక చాలియుండెడిది.

ఇంటిల్లిపాదియుఁ గూర్చుండి చూడఁదగిన చిత్రమే యిది. చూచునపుడు మా సోదరీమణులు ఆ పాచికల ఘట్టమున నొక్క క్షణము నిలిచి, ఆ పందెమునకు సునీత సమ్మతి నెవరైన నడిగిరేమో గమనింపఁ గోరుచున్నాము.