ఆకాశం మీదుగా ఆపద కబురు

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో దాదాపు 340 కిలోమీటర్లు సాగే జాన్ మ్యూర్ ట్రెయిల్‌లో చాలా భాగానికి మొబైల్ సిగ్నల్ అందదు. ఇలాంటి దారుల్లో కాలు విరిగినా, పొంగిన వాగు దగ్గర చిక్కుపడినా కబురు ఉపగ్రహం మీదుగానే పోవాలి. అందుకు ట్రెక్కర్లు వాడే పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు: బీకన్, శాటిలైట్ మెసెంజర్.

బీకన్‌కు తెలిసిన పని ఒక్కటే: ఆపదలో ఉన్నామని చెప్పడం. ఇది అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ 1979లో తలపెట్టిన కాస్పాస్-సార్‌శాట్ వ్యవస్థలో భాగం. బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌పై 5 వాట్ల సంకేతం వెలువడుతుంది. అందులో పరికరం గుర్తింపు సంఖ్య, జీపీఎస్ ఉంటే స్థానం కూడా ఉంటాయి. 121.5 మెగాహెర్ట్జ్‌పై వెలువడే మరో సంకేతం దగ్గరికి వచ్చిన సహాయక బృందానికి దిక్కు చూపుతుంది. బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేయాలి. నెలనెలా చందా ఉండదు గానీ నమోదు తప్పదు. అమెరికాలో సముద్ర, వాతావరణ సంస్థ నోవా దగ్గర ఉచితంగా నమోదు చేసుకుని, రెండేళ్లకోసారి వివరాలు సరిచూసుకోవాలి. సంకేతం అందగానే సహాయక సిబ్బంది ఫోన్ చేసేది ఆ నమోదులోని నంబర్లకే.

మెసెంజర్‌కు చందా కట్టాలి. దానికి తగ్గ లాభం, చాలా మోడళ్లలో కబురు పంపడమే కాక జవాబూ అందుకోవచ్చు. గార్మిన్ ఇన్‌రీచ్ వాడే ఇరిడియం వ్యవస్థలో 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, సందేశాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. అందుకే ధ్రువాల దగ్గరా పనిచేస్తుంది. ఎస్‌ఓఎస్ ముందు కంపెనీ సహాయ కేంద్రానికి, అక్కడి నుంచి స్థానిక అధికారులకు చేరుతుంది. కాలిఫోర్నియాలో గాలింపు బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది. జాతీయ పార్కుల్లో రేంజర్లు చూసుకుంటారు. చీలమండ బెణికిందా, ఛాతీ నొప్పా అని రాసి చెప్పగలిగితే, బృందం నడిచి రావాలో హెలికాప్టర్ లేవాలో వాళ్లు తేల్చుకోగలరు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి కొన్ని ఫోన్లకూ ఉపగ్రహ ఎస్‌ఓఎస్ సౌకర్యం ఉంది. అయితే ఫొటోలకూ మ్యాపులకూ బ్యాటరీ ఖర్చయ్యే ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవడం క్షేమం కాదు.

పరికరం ఉండాల్సిన చోటు బ్యాగు అడుగు కాదు, భుజం పట్టీ. జారిపడినప్పుడు బ్యాగు ఒకచోట, మనిషి మరోచోట పడవచ్చు. బటన్ ఎక్కడుందో తోటివారికీ తెలియాలి. బయల్దేరే ముందు మెసెంజర్‌తో ఆరుబయట ఒక మామూలు సందేశం పంపి చూడాలి. బీకన్‌కైతే సెల్ఫ్ టెస్ట్ చాలు, అసలు బటన్ నొక్కకూడదు. ఇరుకు లోయల్లో, దట్టమైన చెట్ల కింద సంకేతం ఆలస్యమవుతుంది కాబట్టి ఆకాశం బాగా కనిపించే చోటికి చేరాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రాత్రిపూట పరికరాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవడం మేలు. వెళ్లే దారి, తిరిగొచ్చే రోజు ఇంట్లో రాసిచ్చి, ఒక పూట సందేశం రాకపోతే కంగారు పడవద్దని ముందే చెప్పాలి.

అలసటకో, దారి విసుగుకో ఎస్‌ఓఎస్ నొక్కడం తగదు. అది ప్రాణాపాయానికి, సొంతంగా బయటపడలేని స్థితికి ఉద్దేశించినది. నొక్కాక కూడా వాతావరణం బాగాలేకపోతే సాయం రావడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజు దాటవచ్చు. అందుకే ప్రథమ చికిత్స సామగ్రి, వెచ్చటి బట్టలు, అదనపు తిండి తగ్గించకూడదు. పొరపాటున నొక్కితే పరికరం ఆపేసి ఊరుకోకుండా సహాయ కేంద్రానికి ఆ సంగతి తెలపాలి.

భారత్‌లో నిబంధనలు వేరు. కాస్పాస్-సార్‌శాట్ కేంద్రాన్ని బెంగళూరులో ఇస్రోయే నడుపుతున్నా, టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా శాటిలైట్ ఫోన్లు తేవడం నేరం. ఇరిడియంపైనే పనిచేసే ఇన్‌రీచ్‌తో వచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. అమెరికాలో ట్రెక్కింగ్‌కు అలవాటుపడి, హిమాలయాలు చూద్దామని ఇండియా వచ్చే తెలుగువారు మెసెంజర్‌ను అక్కడి ఇంట్లోనే ఉంచి రావాలి.